గోపాలప్ప అమ్మిన కారు

నవంబర్ 4, సోమవారం

కారు బంగారుపేట రోడ్డు మీద నిలిచిపోయింది. నిలిచిపోయింది అనడం మర్యాద. ముందు ఎర్ర దీపం వెలిగింది, తర్వాత తిరగలిలో గులకరాళ్ళు వేసి తిప్పినట్టు చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. కోలారులో మోకాలి డాక్టరు పది గంటలకు రమ్మన్నాడు. పదింటికి నేను మోకాలితో సహా ఒక చింతచెట్టు కింద కూర్చుని ఉన్నాను. మా ఆయన మాత్రం స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, బండి ఇంకా పోతూనే ఉన్నట్టు ముందుకు చూస్తున్నారు.

గూడ్స్ ఆటోకు తాడు కట్టి ఆండర్సన్‌పేటలో మెకానిక్ నంజుండప్ప షెడ్డుకు లాగించాం. అతను ఇంజన్ పైమూత విప్పాడు. నేను పక్కనే ఉన్నాను. పదో తరగతి పిల్లలకు బోర్డు మీద పెట్రోల్ ఇంజన్ బొమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు వేసినదాన్ని, కళ్ళు మూసుకుని కూడా వేయగలను. నా బొమ్మలో లోపల ఇనుము ఉంటుంది, దాని మీద పల్చటి నూనె తడి ఉంటుంది. ఇక్కడ ఇనుము కనపడటం లేదు. బొటనవేలు మందాన నల్ల హల్వా. నంజుండప్ప అందులో స్క్రూడ్రైవర్ గుచ్చి చెయ్యి వదిలేశాడు. అది పడలేదు.

"ఎవురి కాడ కొన్నారమ్మా దీన్ని?" అన్నాడు, చావింట్లో అడిగే గొంతుతో.

చెప్పాను. క్యాసంబళ్ళి గోపాలప్ప. నా దగ్గర హైస్కూల్లో చదివినవాడు. పట్టుగూళ్ళు మార్కెట్టుకు తోలడానికి ఈ బండి పెట్టుకున్నాడు. గూళ్ళు మానేశాక రెండేళ్ళు పాకలో నిలబెట్టి, జూలైలో మాకు అమ్మాడు. ఇప్పుడు ఆ ఊరి పాల డెయిరీకి సెక్రటరీ.

ఆయిల్ మార్చకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే జిడ్డు కట్టడం మామూలేనట. కానీ ఇది అది ఒక్కటే కాదు, ఇంజన్ ఆయిల్ కానిది ఇంకేదో ఇందులో పడింది అన్నాడు నంజుండప్ప. పాత బండ్లు అమ్మేవాళ్ళు కొందరు లోపలి చప్పుడు వినపడకుండా చిక్కటిది ఏదో ఒకటి పోసేసి చేతులు దులుపుకుంటారట.

నాకు ఆ మాట చాలు.

ఆయన షెడ్డు బయటే నిలబడ్డారు. బంగారు గని స్టోర్సులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా ఉన్నందుకు, పార్కులో పెన్షనర్లంతా 'ఇంజన్ ప్రహ్లాద' అని పిలిచే మనిషి. ఎక్కడ బానెట్ ఎత్తినా తల దూర్చే మనిషి. ఇవాళ లోపలికి రాలేదు. ఎండ దెబ్బ కావచ్చు.

నవంబర్ 5

ఇంకా నమ్మలేకపోతున్నాను. గోపాలప్పా? మొదటి బెంచీలో చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చునే గోపాలప్ప?

నవంబర్ 6

నంజుండప్ప కింద తొట్టి విప్పాడు, ఆయిల్ నిలిచే తొట్టి. బోర్లిస్తే ఏమీ కారలేదు. వెదురు బద్దతో గీకి తీశాడు. ఇనుము తగిలితే గీతలు పడతాయట. ఆయిల్‌ను పైకి పీల్చే గొట్టం చివర చిన్న జల్లెడ ఉంటుంది. దాని కళ్ళన్నీ మైనం కరిగించి పోసినట్టు పూడుకుపోయాయి. అంటే పై భాగాలకు చుక్క ఆయిల్ అందలేదు. ఎన్నాళ్ళుగా అందలేదో దేవుడికి తెలియాలి. మేము మాత్రం ఆ బండిలో ఏసీ వేసుకుని కూర్చున్నాం.

కిరోసిన్‌లో నానబెట్టాడు. కరగలేదు. "కిరోసిన్‌కు లొంగని జిడ్డు నేను ఇదే చూసేది" అని తల గోక్కున్నాడు. నేనూ ఆశ్చర్యపోయి ఊరుకున్నాను.

ఒక ఖాళీ జామ్ సీసాలో ఆ జిడ్డు కొంచెం పట్టి తెచ్చాను. ఆయన చూసి, ఆ దరిద్రం ఇంట్లో ఎందుకు, పారెయ్యమన్నారు. సాక్ష్యం అన్నాను. భోజనం సగంలో లేచారు.

నవంబర్ 7

క్యాసంబళ్ళి వెళ్ళి వచ్చాను, నాలుగు గంటల బస్సుకు. ఆయన వద్దన్నారు. ఎందుకని అడిగితే నా మోకాలు అన్నారు. నా మోకాలి మీద ఆయనకు ఇంత దయ నలభై ఎనిమిదేళ్ళలో ఇదే మొదలు.

సాయంత్రం పాల వేళ. డెయిరీ ముందర చెంబులు, క్యాన్లు పట్టుకుని ముప్పై మంది దాకా లైన్లో ఉన్నారు. గోపాలప్ప టేబుల్ వెనక నిలబడి ఒక్కొక్కరి పాలలో లాక్టోమీటర్ ముంచి, అది ఎంతవరకు మునిగిందో చూస్తున్నాడు. ఆ గాజు గొట్టాన్ని ఎలా పట్టుకోవాలో వాడికి నేర్పింది నేను. నీళ్ళు కలిపిన పాలైతే అది ఎక్కువ మునుగుతుంది, అప్పుడు ఆ పాలు వెనక్కి. ఊరు ఊరంతా ఆ విషయంలో వాడి కంటినీ వాడి నోటినీ నమ్మాల్సిందే.

నన్ను చూసి కుర్చీ తెప్పించాడు. నేను కూర్చోలేదు. జామ్ సీసా టేబుల్ మీద పెట్టాను.

"నీ బండి కడుపులోనించి తీసింది ఇది. పాలల్లో నీళ్ళు పోస్తే పట్టుకుంటావు గదా, ఇంజన్లో నువ్వు పోసింది ఎవరు పట్టుకునేది?"

లైన్లో మాటలు ఆగిపోయాయి. నేను ఆగలేదు. అన్నవన్నీ ఇక్కడ రాయక్కర్లేదు. ఒక్కటి మాత్రం బాగా వచ్చింది కాబట్టి రాస్తున్నాను: నిన్ను సైన్సులో పాస్ చేయడం నా సర్వీసు మొత్తంలో చేసిన ఒకే ఒక్క తప్పు అన్నాను.

గోపాలప్ప సీసా మూత తీసి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. తల ఎత్తి నా మొహం చూసి, మూత బిగించి, సీసా నా చేతికే ఇచ్చాడు.

"సరే మేడం. బండి నేను బాగు చేయిస్తాను."

అంతే. కాదనలేదు. కాదనలేదంటే ఒప్పుకున్నట్టే గదా.

నా వెనక తాయమ్మ అనే ఆవిడ, నాలుగు ఆవులున్న మనిషి, పక్కావిడతో అంటోంది: "చదువు చెప్పిన మేడంనే ముంచినోడు, ఇంగ మన పాలు ఎంత ముంచుతా ఉండాడో."

బస్సులో వెనక్కి వస్తుంటే మోకాలు నొప్పి తెలియలేదు.

నవంబర్ 10, ఆదివారం

మనవరాలు నమ్రత వచ్చింది. నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ డిపార్ట్‌మెంటు. వారమంతా ఇంజన్ల మధ్య ఉండి ఆదివారం కూడా ఇంజన్ జిడ్డే చూడాల్సి వచ్చింది పాపం. సీసా కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"అవ్వా, బజ్జీలేసే బాండలి అంచుకు గట్టిగా అంటుకోని ఉంటాది చూడు, ఆ మాదిరి ఉండాది. ఎవురో నూనె పోసినారు దీంట్లో. తినే నూనె మాదిరిది."

అదిగో చూశారా అని ఆయన వైపు తిరిగాను. ఆయన స్నానానికి వెళ్ళారు. పొద్దున ఒకసారి చేశారు.

మధ్యాహ్నం మార్కెట్లో తాయమ్మ కనపడింది. ఊళ్ళో పది ఇళ్ళవాళ్ళు గోపాలప్పకు పాలు పోయడం మానేశారట. ఇరవై నాలుగో తేదీ డెయిరీ సంఘం మీటింగు పెడుతున్నారట, సెక్రటరీని తీసేయడానికి. పదకొండేళ్ళుగా వాడే సెక్రటరీ. సంతోషించాను. తర్వాత ఎప్పుడైనా కాదనకుండా రాసి పెడుతున్నాను: సంతోషించాను.

నవంబర్ 15

మోకాలు పొద్దున్నించీ సలుపుతోంది. ఆముదం వెచ్చచేసి పట్టు వేసుకుందామని అటక కింద క్యాను తీశాను. ఏటా ఉగాదికి టేకల్ నుంచి మా పెద్దమ్మ కూతురు అక్కయమ్మ పంపుతుంది, చేను గట్టు మీద పండిన ఆముదాలు వాళ్ళే ఉడికించి తీసిన నూనె, ఐదు లీటర్ల క్యాను. నేను వాడేది చలి మొదలయ్యాక, వారానికి రెండు చెంచాలు.

క్యాను గాలికి కదిలింది. ఖాళీ.

కారిపోయిందా అని కింద బండ తడిమాను. పొడిగా ఉంది. నెయ్యి పోతే అనుమానించడానికి మనుషులుంటారు. ఆముదం ఎత్తుకుపోయే దొంగ ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

మూత తీసి వాసన చూశాను. చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి గొంతులో పోసిన వాసన. డెబ్బై ఒక్క ఏళ్ళు వచ్చినా దానికి ఒళ్ళు జలదరిస్తుంది. అలా జలదరించడం ఈ మధ్యనే ఒకసారి జరిగింది. ఎక్కడ?

కిటికీలో సీసా.

సాయంత్రం

పరీక్ష చేశాను. ఈ ఇంట్లో పరీక్షలు పెట్టేది నేనే కాబట్టి. మిగతా నూనెలన్నీ కిరోసిన్‌లో కలుస్తాయి, ఆముదం సరిగ్గా కలవదు. మిగతావి స్పిరిట్‌లో కలవవు, ఆముదం కలుస్తుంది. ఈ రెండు వాక్యాలు ఎన్నిసార్లు డిక్టేషన్ చెప్పానో. క్యాను అడుగున మిగిలిన చుక్కలు సూది మందు వాళ్ళు వాడే స్పిరిట్‌లో వేస్తే కరిగాయి. సీసాలో జిడ్డు స్పిరిట్‌లో వేస్తే పూర్తిగా కరగలేదు, కానీ స్పిరిట్ తేనె రంగుకు తిరిగింది. మార్కులు వేయాల్సి వస్తే పరీక్షకు పదికి ఆరు. వాసనకు పదికి పది.

ఆరో తారీఖున నంజుండప్ప షెడ్డులో కిరోసిన్‌కు కరగలేదన్నాడు. నేను అక్కడే ఉన్నాను. సైన్సు టీచరు అక్కడే నిలబడి ఉంది.

గోపాలప్ప ఆముదం మా అటక కింద నుంచి తీసుకుపోయి ఉండడు.

నవంబర్ 16

పొద్దున కాఫీ ఇచ్చి, గ్లాసు పక్కన ఖాళీ క్యాను పెట్టాను. ఆయన గ్లాసు ముట్టుకోలేదు.

అప్పుడు చెప్పారు. ఆగస్టులో, ఆయిల్ అందట్లేదని చెప్పే ఎర్ర దీపం మొదటిసారి వెలిగిందట. గనిలో మనుషుల్ని పైకీ కిందికీ లాగే పెద్ద వైండింగ్ ఇంజన్‌కు స్టోర్సు నుంచి ఆముదం డ్రమ్ములు ఇచ్చేవారట. ఆ చీటీల మీద సంతకాలు పెట్టింది ఈయనే. ఎనభై ఏళ్ళు తిరిగిన ఇంజన్, ఒక్క రోజు మొరాయించలేదు, ఈ కారు దాని ముందు ఎంత అనుకున్నారట. గానుగ అంత నెమ్మదిగా తిరిగే ఆ రాక్షసి యంత్రమెక్కడ, నిప్పు కణిక లాంటి ఈ చిన్న ఇంజనెక్కడ. పోసిన ప్రతిసారీ దీపం కొన్నాళ్ళు ఆరేదట. అలా అయిదుసార్లు.

"బండి అమ్మేటప్పుడు గోపాలప్ప ఏమైనా చెప్పినాడా?" అని అడిగాను.

"ఆయిల్ మార్పించి నడపండి సార్, రెండేండ్లు నిలబడిన బండి అన్నాడు."

"ఎన్నిసార్లు అన్నాడు?"

"రెండుసార్లు."

నాకు మండింది ఆముదానికి కాదు. ఆముదం తెలివితక్కువ, తెలివితక్కువతో ఎన్నో ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను. నేను సీసా పట్టుకుని క్యాసంబళ్ళి బస్సు ఎక్కుతుంటే ఈ మనిషి గుమ్మంలో నిలబడి నా మోకాలి గురించి మాట్లాడారు. ఏం చేసినా, పెళ్ళయినప్పటి నుంచి ఈయన నాతో అబద్ధం మాత్రం చెప్పలేదనుకునేదాన్ని.

"చెప్పద్దు వత్సలా," అన్నారు. "ఇంజన్ ప్రహ్లాద అంటారు నన్ను అందరూ. ఇంగ నా మొగం యాడ పెట్టుకునేది?"

గోపాలప్ప మొహం ఎక్కడ పెట్టుకున్నాడో ఆయన అడగలేదు.

నవంబర్ 17

ఆలోచిస్తే గోపాలప్ప కూడా రెండేళ్ళు ఆయిల్ మార్చలేదు. పాత జిడ్డు ముందే ఉంది. తప్పులో సగం అతనిదే.

నవంబర్ 18

పావు.

నవంబర్ 20

పావు కూడా కాదు. చెప్పి అమ్మాడు.

నంజుండప్ప ఫోన్ చేశాడు. లోపల తిరిగే ఇరుసు, క్రాంక్, అరిగి గీతలు పడ్డాయి, ఈ ఇంజన్ మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. గోపాలప్ప షెడ్డుకు వచ్చి, ఇంజన్ వేరేది వేయాల్సి వస్తే తనకు చెప్పమని నంబరు ఇచ్చి వెళ్ళాడట. ఆ మాట విని ఆయన వార్తాపత్రిక పేజీ తిప్పారు. ఆ పత్రిక నిన్నటిది.

నవంబర్ 22

మీటింగుకు వెళ్తున్నానని చెప్పాను.

నవంబర్ 23

నేనూ వస్తాను అన్నారు. ఇస్త్రీ చొక్కా తీసి కుర్చీకి వేసుకున్నారు. తనే చెప్తారు. నాకు తెలుసు, ఎంతైనా నా మొగుడు.

నవంబర్ 24, ఆదివారం

చెప్పలేదు.

వరసగా రాస్తాను.

డెయిరీ లోపల నేల మీద నలభై మంది. సంఘం ప్రెసిడెంటు గంగప్ప మా ఇద్దరికీ కుర్చీలు వేయించాడు, ఫిర్యాదుదారులం గదా. గోపాలప్పను నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడిగాడు. ఏమీ లేదన్నాడు గోపాలప్ప. అయితే తాళంచెవి, లాక్టోమీటరు ఇచ్చేయమన్నారు. గోపాలప్ప జేబులోంచి తాళంచెవి తీసి టేబుల్ మీద పెట్టాడు. లాక్టోమీటరు తువ్వాలుతో తుడిచి దాని పక్కన పెట్టాడు, దొర్లకుండా గోడ వైపుకు జరిపి.

నేను ఆయన వైపు చూశాను. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నారు. ఇంకాసేపు చూశాను. గంగప్ప తాళంచెవి అందుకోవడానికి చెయ్యి చాపాడు.

లేచి నిలబడ్డాను. 'మా ఇంట్లో జరిగింది' అని మొదలుపెట్టాలని బస్సులో అనుకుంటూ వచ్చాను. నోట్లోంచి వేరేది వచ్చింది.

"ఆ ఇంజన్లో ఆముదం పోసింది నేను. గోపాలప్ప ఏమీ పొయ్యలేదు. ఆయిల్ మార్పించమని చెప్పే అమ్మినాడు. తప్పంతా నాది."

ముందుగా తాయమ్మ గొంతు లేచింది.

"ఆముదమా మేడం? తలకు పూసేదా?"

ఒకడు నవ్వాడు. ఆ తర్వాత అందరూ. సైన్సు మేడం ఇంజన్‌కు ఆముదం తాపించిందంట అని వెనక ఎవరో అంటే గోడలు అదిరేలా నవ్వారు. వాళ్ళల్లో సగం మందికి నేను పాఠం చెప్పాను. గంగప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తాళంచెవి వెనక్కి జరిపాడు. ఇరవై ఎనిమిదేళ్ళ నా బోర్డు, నా బొమ్మలు, అన్నీ ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. పోనీ. నేను చూస్తున్నది ఆయన్ని. ఆయన ఇంకా చెప్పుల వైపే చూస్తున్నారు. నలభై మంది నన్ను చూసి నవ్వుతుంటే ఆ మనిషి తల ఎత్తలేదు. ఇది నేను ఊహించలేదు.

గోపాలప్ప కూడా నవ్వలేదు. ఆరోజు వాసన చూసినావు గదా, నీకు తెలియలేదా అని గంగప్ప అడిగాడు.

"మూత తీస్తానే తెలిసింది. మేడం ఇంట్లో ఆముదం పోసినారని, ఆమె సైన్సు చెప్పిన ఊర్లో నేనెట్ల చెప్పేది? పోస్టు పోతే పోతాది. నాకు రెండావులుండాయి."

బస్టాండు దాకా తోడు వచ్చాడు. ఆయన అయిదడుగులు ముందు నడుస్తున్నారు. గోపాలప్ప గొంతు తగ్గించి అన్నాడు: "మీరు పొయ్యలేదు మేడం."

"మీటింగు అయిపోయింది గోపాలప్పా," అన్నాను. క్షమించమని అడగాలని వెళ్ళినదాన్ని, అడిగింది ఆ బస్సు మెట్టు మీద నిలబడి. వాడు చేతులు జోడించాడు. కండక్టరు విజిల్ వేశాడు.

బస్సులో ఆయన కిటికీ వైపు, నేను దారి వైపు. ఇంటికి వచ్చాక అన్నం పెట్టాను. పెట్టకుండా ఉండే ధైర్యం కూడా నాకు లేదని ఇవాళే తెలిసింది.

నవంబర్ 25, సోమవారం

లేచేసరికి ఆయన లేరు. చెప్పులు లేవు, నిన్నటి ఇస్త్రీ చొక్కా లేదు. పార్కుకు వెళ్ళారేమో అనుకున్నాను. పార్కుకు ఇస్త్రీ చొక్కా ఎందుకు?

ఏడున్నరకు గోపాలప్ప ఫోన్ చేశాడు.

"సార్ వచ్చినారు మేడం."

మొదటి బస్సుకే దిగారట. దిగి పొద్దుటి పాల లైన్లో నిలబడ్డారట, తాయమ్మ వెనక, చేతిలో చెంబు లేదు, ఏమీ లేదు. ఇటు పక్కకు వచ్చి కూర్చోండి సార్ అని గోపాలప్ప రెండుసార్లు పిలిచినా కదల్లేదట. లైను ముందుకు జరిగినప్పుడల్లా తనూ ఒక అడుగు జరిగారట. వంతు వచ్చేసరికి ఆయన వెనక ఇరవై మంది ఉన్నారు. టేబుల్ ముందు నిలబడి, అందరికీ వినపడేటట్టు చెప్పారట. ఆముదం పోసింది నేను. ఆయిల్ మార్చమని నువ్వు రెండుసార్లు చెప్పినావు. నిన్న నా భార్య చెప్పింది అబద్ధం, ఆమెకు సైన్సు బాగా వచ్చు.

ఆయన ఇంత పొడుగు మాట నలుగురిలో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఇది కూడా వినలేదు.

"నవ్వినారా?" అని అడిగాను.

"లేదు మేడం. తాయమ్మ చెంబు కింద పెట్టి కుర్చీ జరిపింది సార్‌కు."

"ఇప్పుడు యాడుండారు?"

"ఈడే కూర్చోనుండారు. బస్సు తొమ్మిదిన్నరకు గదా. నా పక్కన కూర్చోని లాక్టోమీటరు ఎట్ల పని చేస్తాదని అడగతా ఉండారు."

"దాన్ని ఆయన చేతికియ్యద్దు," అన్నాను.